కండరం చెప్పే సాక్ష్యం

ఒక మనిషి నిటారుగా నిలుచుండి చేతిని భుజానికి సమంగా చాపుతాడు. ఎదుట నిలిచిన పరీక్షకుడు ఆ మణికట్టుపై రెండు వ్రేళ్లుంచి, ‘గట్టిగా నిలపండి’ అని చెప్పి క్రిందికి నొక్కుతాడు. చేయి చలించదు. పిమ్మట ఆ మనిషి నాలుకపై చిటికెడు పంచదార వేసి, లేదా అతనిని బాధించే సంగతి నొకదానిని తలచుకొమ్మని చెప్పి, మరల నొక్కుతాడు. ఈసారి చేయి జావకారినట్లు దిగిపోతుంది. ‘చూచినారా! నోరు అబద్ధమాడవచ్చును గాని శరీరం ఆడదు’ అంటాడు పరీక్షకుడు.

చూచేవారికి ఆశ్చర్యం కలుగుతుంది. చేయి చాపినవానికి మరింత ఆశ్చర్యం కలుగుతుంది. తాను శాయశక్తులా నిలపబూనిన చేయి తన మాట వినకపోవడం అతనికి ప్రత్యక్షానుభవం గదా! ఈ అనుభవాన్ని పునాదిగా చేసికొని గత అరువది సంవత్సరాలలో ఒక పెద్ద విద్యయే వెలసినది. దానికి ‘కినిసియాలజీ’ అని పేరు. గ్రీకుభాషలో ‘కినిసిస్’ అనగా చలనం. శరీరచలనాన్ని గురించి విశ్వవిద్యాలయాలలో బోధించే శాస్త్రానికి కూడా ఇదే పేరు ఉన్నది. ఆ శాస్త్రం వేరు, ఈ విద్య వేరు. ఈ రెండవదానిలో కండరం కేవలం కండరం కాదు; అది లోపలి అవయవాల ఆరోగ్యాన్ని, ప్రాణశక్తి ప్రవాహాన్ని, మనసులోని దిగులును, చివరకు సత్యాసత్యాలను సైతం తెలుపగల సాక్షి. ఈ సాక్షి మాటను ఎంతవరకు నమ్మవచ్చును? ఉపాధ్యాయులూ విద్యార్థులూ ఈ ప్రశ్నను విచారించవలసిన ఆవశ్యకత ఉన్నది. ఏలనంటే ఈ విద్య కొన్ని దేశాలలో వైద్యశాలను దాటి బడిలోనికి కూడా వచ్చినది.

విద్య పుట్టుక

కండరాల బలాన్ని చేతితో నొక్కి పరీక్షించడం వైద్యులకు కొత్త కాదు. పోలియో వ్యాధితో ఏ కండరం ఎంత దెబ్బతిన్నదో తెలిసికోవడానికి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలోనే అమెరికా వైద్యులు ఈ పద్ధతిని వాడినారు. నేటికీ నరాల వైద్యుడు పక్షవాతపు రోగి చేతిని నొక్కి చూచి, సున్న మొదలు అయిదు వరకు అంకె వేస్తాడు. అక్కడ కండరం చెప్పే సంగతి ఒక్కటే: తనకు గల బలమెంత అన్నది.

1964లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జార్జి గుడ్‌హార్ట్ అనే కైరోప్రాక్టరు, అనగా వెన్నెముకను సవరించి చికిత్స చేసేవాడు, ఒక రోగి భుజం కండరం బలహీనంగా ఉండడం గమనించి, అది ఎముకకు అతుకుకొనే చోట వ్రేళ్లతో గట్టిగా రాచినాడట. కండరం వెంటనే బలం పుంజుకొన్నదట. అక్కడినుండి ఆయన ఆలోచన విస్తరించినది. ఒక్కొక్క కండరానికి ఒక్కొక్క అవయవంతో సంబంధమున్నదన్నాడు. ప్రాచీన చీనా వైద్యంలో ప్రాణశక్తి సంచరించే మార్గాలని చెప్పే రేఖలతో వాటిని ముడివేసినాడు. 1973లో ఆయన అనుయాయి జాన్ థీ అనే ఆయన, ఇంటింటా ఎవరైనా చేసికోదగిన రీతిలో పదునాలుగు రేఖలకు పదునాలుగు కండరాలను జతపరచి, ‘టచ్ ఫర్ హెల్త్’ అనే పుస్తకం ప్రకటించినాడు. అటుపిమ్మట ఈ చెట్టుకు కొమ్మలు లెక్కలేనన్ని వచ్చినవి.

ఆ కొమ్మలలో ‘మనోభారవిమోచనం’ అనదగిన పద్ధతి ఒకటి బహుళప్రచారం పొందినది. కనుబొమలకు పైన, నుదుట ఇరువైపులా కొంచెం ఉబ్బెత్తుగా ఉండే స్థానాలను వ్రేళ్లతో మెల్లగా తాకుతారు. బాధితుడు కనులు మూసికొని, తనను వేధించే సంగతిని ఆద్యంతం తలచుకొంటాడు. కొన్ని నిమిషాలకు భారం దిగినట్లనిపిస్తుంది. మరల చేయి చాచి పరీక్షిస్తే ఇందాక లొంగిన కండరం ఇప్పుడు నిలుస్తుంది. శక్తిప్రవాహంలోని అడ్డు తొలగినదని వారి వ్యాఖ్యానం.

మరికొందరు ఇంకను ముందుకు సాగినారు. 1995లో డేవిడ్ హాకిన్స్ అనే అమెరికా మనోవైద్యుడు ‘పవర్ వెర్సస్ ఫోర్స్’ అనే గ్రంథంలో, మానవ చైతన్యానికి ఒకటి మొదలు వేయి వరకు ఒక కొలబద్ద ఏర్పరచినాడు. సిగ్గు, అపరాధభావం అడుగున. ధైర్యం రెండువందల వద్ద. ప్రేమ అయిదువందల వద్ద. జ్ఞానోదయం ఏడువందలకు పైన. ఈ అంకెలను కనుగొన్న సాధనమేమిటి? చాచిన చేయి! సత్యవాక్యం పలికితే కండరం నిలుస్తుందనీ, అసత్యమైతే లొంగుతుందనీ ఆయన సిద్ధాంతం. భుజం మీద నొక్కి చూచి బ్రహ్మజ్ఞానానికి మార్కులు వేయవచ్చునన్న మాట.

ఇంతటి భారాన్ని ఆ కండరం మోయగలదా?

తెర కట్టి చూస్తే

ఓరిగన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్త్వశాస్త్రం బోధించిన రే హైమన్ తాను పాల్గొన్న ఒక పరీక్షను 1999లో వివరించినాడు. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ అనే ఊరిలో ఒక వైద్యుని కార్యాలయంలో అది జరిగినది. కొందరు కైరోప్రాక్టర్లు తమ విద్యను ప్రదర్శించినారు. గ్లూకోజు చెడ్డ చక్కెర అనీ, పండ్లలో ఉండే ఫ్రక్టోజు మంచిదనీ వారి మతం. నాలుకపై గ్లూకోజు చుక్క వేస్తే చేయి లొంగినది. ఫ్రక్టోజు చుక్క వేస్తే నిలిచినది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, వచ్చినవారందరిపైనా ఇట్లే జరిగినది.

పిమ్మట ఆ చుక్కలను గుర్తు తెలియని గొట్టాలలో పోసి, ఏ గొట్టంలో ఏది ఉన్నదో నొక్కేవారికి గాని, చేయి చాచేవారికి గాని తెలియకుండా ఏర్పాటు చేసినారు. అప్పుడు చేతులు నిలిచినవి, లొంగినవి. కాని ఆ నిలుచుటకూ లొంగుటకూ, చక్కెర జాతికీ ఏ సంబంధమూ కానరాలేదు. ఫలితం చూచిన కైరోప్రాక్టర్ల నాయకుడు చింతించలేదట. ఇటువంటి పరీక్షలలో తమ విద్య ఎన్నడూ పనిచేయదు గనుకనే తాము వీటిని మానివేసినామని హైమన్‌తో చెప్పినాడట! ఆ మాటలో కపటం లేదు. తన విద్య సత్యమని అతడు ఎంత గాఢంగా నమ్మినాడంటే, పరీక్షకు విద్య నిలువకపోతే తప్పు పరీక్షదే అయినది.

1988లో అమెరికా ఆహారశాస్త్రజ్ఞుల పత్రికలో మరొక పరిశీలన వెలువడినది. అనుభవజ్ఞులైన ముగ్గురు కినిసియాలజీ నిపుణులు పదకొండుగురిని విడివిడిగా పరీక్షించి, వారి శరీరాలలో నాలుగు పోషకద్రవ్యాల లోపం ఉన్నదీ లేనిదీ నిర్ణయించినారు. ఆ నిర్ణయాలు రక్తపరీక్షలతో సరిపోలేదు. అంతకన్న విశేషమేమంటే, ఆ ముగ్గురి నిర్ణయాలు ఒకదానితో ఒకటి కూడా పొసగలేదు. సాక్షులు ముగ్గురూ మూడు విధాలుగా చెబితే ఏ న్యాయాధిపతి తీర్పు వ్రాయగలడు?

మనసుకు తెలియని చేతిపని

అయితే ఆ చేయి దిగిపోవడం అబద్ధమా? కాదు. చేయి నిజంగానే దిగిపోయినది. పరీక్షకుడు బుద్ధిపూర్వకంగా మోసం చేసినాడా? చాలా సందర్భాలలో అదీ కాదు. ఇక్కడే అసలు విశేషమున్నది. ఈ చిక్కుముడిని విప్పిన కథ రెండువందల ఏండ్ల నాటిది.

షెవ్రూల్ అనే ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు దారానికి ఇనుప ఉంగరం కట్టి, పాదరసపు గిన్నెపై వ్రేలాడదీస్తే అది ఊగడం చూచినాడు. నడుమ గాజుపలక ఉంచితే ఊగడం ఆగినది. సామాన్యుడైతే అక్కడితో ఒక నూతనశక్తిని కనుగొన్నానని చాటుకొనేవాడు. షెవ్రూల్ తన కళ్లకు గంతలు కట్టించుకొని, గాజుపలకను ఎప్పుడు ఉంచుతున్నదీ తీస్తున్నదీ తనకు తెలియకుండా మరల చేసి చూచినాడు. అప్పుడు గాజుకూ ఊపునకూ సంబంధం లేకపోయినది. ఊగుతుందన్న తలపే తన వ్రేళ్లను తనకు తెలియకుండా కదలించినదని గ్రహించి, ఆ సంగతిని 1833లో భౌతికశాస్త్రవేత్త ఆంపియర్‌కు బహిరంగలేఖగా వ్రాసినాడు.

ఇరవై ఏండ్లకు లండనులో బల్లలు తిరగడం ఒక వేలంవెర్రి అయినది. పదిమంది బల్లచుట్టూ కూర్చుండి చేతులానిస్తే బల్ల తనంతట తాను కదులుతుంది. ప్రేతాత్మలు కదలిస్తున్నవని కొందరు, విద్యుత్తు అని కొందరు. విద్యుచ్ఛాస్త్రంలో తనకు సాటిలేని మైకేల్ ఫారడే ఆ ప్రశ్నను చేపట్టినాడు. బల్లపై కొన్ని అట్టలు పేర్చి, అట్టల నడుమ మెత్తని జిగురు ముద్దలుంచి, ఆ పైన చేతులుంచుమన్నాడు. బల్లయే ముందు కదిలితే అడుగు అట్ట ముందుకు పోవలెను; చేయి ముందు కదిలితే పై అట్ట ముందుకు పోవలెను. పై అట్టయే ముందుకు పోయినది! తరువాత చేతి ఒరపు ఏ మాత్రమున్నా పైకి చూపే సన్నని పుల్లనొకదానిని అమర్చి, దానిని చూస్తూ కూర్చుండుమన్నాడు. తమ చేతులు చేసే పని తమ కళ్లకు కనబడగానే బల్ల కదలడం మానివేసినది. 1853 జూన్ 30వ తేదీ ‘టైమ్స్’ పత్రికలో ఫారడే ఈ సంగతిని ప్రకటించినాడు. కూర్చున్నవారు సత్యసంధులేనని కూడా ఆయన ఒప్పుకొన్నాడు.

దీనికి అంతకుముందు సంవత్సరమే, 1852లో, విలియం కార్పెంటర్ అనే ఆంగ్లవైద్యుడు ‘భావప్రేరిత చలనం’ అనదగిన పేరు పెట్టినాడు. తలపు కండరాన్ని కదలిస్తుంది. కదలించినట్లు మనసుకు తెలియదు. చాచిన చేతిని నొక్కే వ్రేళ్లలోనూ జరిగేది ఇదే. ‘ఇప్పుడు లొంగుతుంది’ అన్న ఎదురుచూపుతో పరీక్షకుడు వెంట్రుకవాసి ఎక్కువ బలం వేస్తాడు, లేదా ఒక్క క్షణం ముందుగా నొక్కుతాడు, లేదా మణికట్టుకు మరికొంత చివరగా వ్రేళ్లుంచుతాడు. చాచినవాడు కూడా ఒక్క రవ్వ ముందే ఓడిపోతాడు. ఇద్దరి నమ్మకాలూ ఒక కండరంలో కరచాలనం చేసికొంటవి. ఇద్దరూ ‘నేను చేయలేదు’ అంటారు. ఇద్దరూ సత్యమే చెబుతారు.

ఇది వినోదానికి చెప్పుకొని మరచిపోదగిన సంగతి కాదు. రాయలసీమలో బోరు వేయించదలచిన రైతు, అరచేతిలో టెంకాయ నిలిపి గాని, పంగలకర్ర పట్టుకొని గాని పొలంలో నడిచేవానిని పిలిపించడం నేటికీ ఉన్నది. టెంకాయ లేచి నిలిచిన చోట బోరు దించుతాడు. టెంకాయను లేపినది నీరు కాదు, చేయి. 1987, 1988 సంవత్సరాలలో జర్మనీలోని మ్యూనిక్ సమీపాన ఇట్టి జలాన్వేషకులను సుమారు అయిదువందలమందిని చూచి, మేటివారని 43 మందిని ఏరి, క్రింది అంతస్తులో నీటిగొట్టాన్ని జరుపుతూ పై అంతస్తునుండి దాని చోటు చెప్పమన్నారు. 843 పరీక్షలు జరిగినవి. పరీక్షించినవారు కొందరికి ఆ శక్తి ఉన్నదనే తేల్చినారు గాని, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రజ్ఞుడు ఎన్‌రైట్ 1999లో ఆ లెక్కలను మరల శోధించి, ఆ ఫలితాలు గుడ్డిగా చెప్పిన దానికన్న మెరుగు కావని చూపినాడు. పరీక్షాశాలలో తప్పితే పోయేది ఒక అంకె. పొలంలో తప్పితే పోయేది అప్పు తెచ్చిన సొమ్ము.

ఒక ఉపాధ్యాయుని గుర్రం

ఉపాధ్యాయులు ముఖ్యంగా తెలిసికోదగిన కథ ఒకటున్నది. బెర్లిను నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఆయన హాన్స్ అనే తన గుర్రానికి నాలుగేండ్లు ఓపికతో లెక్కలు నేర్పినాడు. మూడూ అయిదూ ఎంత అంటే గుర్రం గిట్టతో ఎనిమిదిసార్లు నేలను తట్టేది. భిన్నాలు చెప్పేది, తేదీలు చెప్పేది, అక్షరాలు కూర్చేది. 1904లో పదముగ్గురు పెద్దలతో ఒక సంఘం పరీక్షించి, ఇందులో మోసం లేదని పత్రం వ్రాసి ఇచ్చినది. మోసం లేని మాట వాస్తవమే.

పిమ్మట ఆస్కార్ ఫూంగ్‌స్ట్ అనే యువపరిశోధకుడు, ప్రశ్న వేసేవానికే జవాబు తెలియని ప్రశ్నలు వేయించినాడు. గుర్రం తప్పినది. అడిగేవాడు గుర్రానికి కనబడకుండా నిలుచున్నప్పుడూ తప్పినది. గుర్రం లెక్క చేయడం లేదు, మనిషిని చూస్తున్నది. సరియైన అంకె దగ్గర పడేకొద్దీ అడిగేవాని శరీరం బిగుసుకొంటుంది. అంకె రాగానే తల రవ్వంత పైకి లేస్తుంది. ఆ రవ్వంతనే గుర్రం కనిపెట్టి ఆగిపోతున్నది. మర్మం తెలిసిన పిమ్మట కూడా ఆ తల కదలికను పూర్తిగా ఆపుకోవడం ఫూంగ్‌స్ట్‌కే అలవి కాలేదు.

మన గంగిరెద్దు కూడా ‘అయ్యగారికి దండం పెట్టు’ అనగానే తల ఊపుతుంది. కాని అది ఏ సైగకు ఊపుతున్నదో గంగిరెద్దులవానికి తెలుసు. అది అతని వృత్తి, అతని విద్య. ఫాన్ ఓస్టెన్ దుఃఖం వేరు. తాను సైగ చేస్తున్నానని తనకే తెలియదు. నాలుగేండ్ల బోధనలో తాను నేర్పినది గణితం కాదు, తన ముఖాన్ని చదవడం మాత్రమేనన్న సంగతి ఆయనకు మింగుడుపడలేదు. 1909లో ఆయన మరణించినాడు. తరగతిగదిలో ఉపాధ్యాయుడు ప్రశ్న వేసి, సరియైన జవాబు వైపు తెలియకుండానే కనుబొమ ఎగరవేసినప్పుడు, ఆ బాలుడు పాఠం నేర్చినాడా, ముఖం నేర్చినాడా? బెర్లినులో ఒక గుర్రం వేసిన ఈ ప్రశ్నకు ప్రతి బడిలోనూ జవాబు వెదకవలసి ఉన్నది.

దిగిన భారం ఎవరి పుణ్యం?

ఇంతమాత్రాన మనసుకూ కండరానికీ సంబంధం లేదనడం మరొక తప్పవుతుంది. ఆ సంబంధం ఉన్నది, గట్టిగా ఉన్నది. భయం కలిగినందువల్ల వణకుతామనడం కన్న, శరీరపు వణకును ఎరుగుటయే భయమని చెప్పడం సమంజసమని 1884లో విలియం జేమ్స్ వాదించినాడు. హార్వర్డు ఆచార్యుడు వాల్టర్ కానన్, అపాయం ఎదురైనప్పుడు పోరుటకో పారుటకో శరీరం ఎట్లు ఆయత్తమవుతుందో 1915లో గ్రంథస్థం చేసినాడు. హాన్స్ సెల్యే అనే శాస్త్రజ్ఞుడు కెనడాలోని మాంట్రియల్‌లో ఎలుకలపై పరిశోధించి, చలి గాని, గాయం గాని, విషం గాని, కష్టం ఏదైనా శరీరం ప్రతిక్రియ ఒకే తీరున ఉంటుందని 1936లో ‘నేచర్’ పత్రికకు వ్రాసినాడు. మొదట ఉలికిపాటు, తరువాత నిలద్రొక్కుకొనుట, చివరకు అలసి సోలిపోవుట. ‘ఒత్తిడి’ అని నేడు నిత్యం పలికే మాటకు వెనుక ఉన్న శాస్త్రం ఇది. చికాగోలో ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లో ప్రకటించిన గ్రంథం మరింత దగ్గరి సంగతి చెబుతుంది: ఒక్కొక్క కండరాన్ని బిగించి, ఆ బిగువును గుర్తించి, మెల్లగా వదలడం అభ్యసిస్తే మనసు కూడా వదులవుతుంది. ఈ అభ్యాసానికి ప్రాణశక్తి రేఖలు అక్కరలేదు, పరీక్షకుడు అక్కరలేదు, చాప ఒకటి చాలును.

మరి నుదుట చేయి వేసినప్పుడు దిగే భారం మాట? అది కూడా నిజమే. నమ్మకమైన మనిషి ఎదుట కూర్చుండి, తప్పించుకొని తిరుగుతున్న దిగులును నిదానంగా మొదటినుండి చివరివరకు తలచుకొంటే దాని కోర మొద్దుబారుతుంది. ఊపిరి నెమ్మదిస్తుంది. జ్వరం వచ్చిన బిడ్డ నుదుట చేయి వేసిన తల్లికి ఈ మర్మం ఏ గ్రంథమూ చెప్పలేదు. ప్రశ్న ఒక్కటే: మేలు చేసినది శక్తిస్థానమా, లేక ఆ శ్రద్ధయా?

2003లో ప్రకటితమైన ఒక పరిశీలన ఈ ప్రశ్నను సూటిగా వేసినది. భయాలు గల 119 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను జట్లుగా విభజించినారు. ఒక జట్టువారు తమ భయాన్ని తలచుకొంటూ శక్తిస్థానాలని చెప్పే చోట్ల వ్రేళ్లతో తట్టుకొన్నారు. రెండవ జట్టువారు శక్తిస్థానాలు కాని చోట్ల తట్టుకొన్నారు. మూడవ జట్టువారు ఒక బొమ్మను తట్టినారు. నాలుగవ జట్టు ఏమీ తట్టలేదు. మొదటి మూడు జట్లలోనూ భయం తగ్గినది, నాలుగవదానిలో తగ్గలేదు. బొమ్మకు ప్రాణశక్తి రేఖలు లేవు గదా! ఉపశమనం సత్యం, దానికి చెప్పిన కారణం అసత్యం. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే వివేకం. ఉపశమనాన్ని చూచి కారణాన్ని నమ్మినవాడు, రేపు ఆ కారణాన్నే నమ్మి మధుమేహపు మందు మానవచ్చును.

బడిలోనికి వచ్చినప్పుడు

ఈ విద్య బడిలోనికి వచ్చిన వృత్తాంతం కూడా చెప్పుకోవలెను. అమెరికాలో పాల్ డెన్నిసన్ అనే విద్యావేత్త కినిసియాలజీనుండి గ్రహించిన భావాలతో ‘బ్రెయిన్ జిమ్’ అనే 26 కదలికల వ్యాయామాన్ని కూర్చినాడు. కంఠపు ఎముక క్రింద రెండు చోట్ల రుద్దితే మెదడుకు రక్తప్రసారం పెరుగుతుందనీ, కుడిచేతిని ఎడమమోకాలికి తాకిస్తే మెదడు రెండు భాగాలూ కలిసి పనిచేస్తవనీ బోధించినారు. బ్రిటనులో వందలాది బడులు దీనిని స్వీకరించినవి. 2008లో అక్కడి నాడీశాస్త్రజ్ఞుల సంఘం, శరీరధర్మశాస్త్ర సంఘం మొదలైనవి స్థానిక విద్యాధికారులందరికీ లేఖలు వ్రాసి, ఈ వివరణలకు శాస్త్రాధారం లేదని హెచ్చరించవలసి వచ్చినది.

పిల్లలు పాఠాల నడుమ లేచి, చేతులూ కాళ్లూ ఆడిస్తే కీడేమున్నది అనవచ్చును. కీడు లేదు, మేలే ఉన్నది. గంటసేపు కదలక కూర్చున్న బిడ్డకు అయిదు నిమిషాల ఆట అమృతమే. అయితే ఆ మేలును మేలుగా చెప్పక, ఎముక క్రింద మీట ఉన్నదని చెప్పినప్పుడు కీడు మొదలవుతుంది. అదే బడిలో మరుసటి గంటలో ఉపాధ్యాయుడు రక్తప్రసరణ పాఠం చెప్పవలసి ఉన్నది. ఏ పాఠాన్ని పిల్లవాడు నమ్మవలెను? పరీక్షలకు జంకే బాలికను నిలబెట్టి, చేయి నొక్కి, ‘నీ కండరం లొంగినది, గణితం నీకు సరిపడదు’ అంటే ఆ మాట ఆమె వెంట ఎంతకాలం వస్తుందో ఎవరు చెప్పగలరు? ఉపాధ్యాయుని వ్రేళ్లలోని సందేహం ఆమె భుజంలో తీర్పుగా మారిపోతుంది. ఆమెకు కావలసినది చేతిమీద ఒత్తిడి కాదు; తప్పిన లెక్కను పక్కన కూర్చుండి మరొకసారి చేయించే మనిషి.

ఎరుక

కండరం చైతన్యపు గుట్టు విప్పదు గాని, చైతన్యం ఎంత విచిత్రమైనదో ఒక పాఠం మాత్రం నేర్పుతున్నది. నా చేయి నేను కదలించినానని ఎరుగుట వేరు, కదలించుట వేరు. 1983లో బెంజమిన్ లిబెట్ అనే పరిశోధకుడు, వ్రేలు కదల్చవలెనన్న సంకల్పం మనిషికి తెలియడానికి సెకనులో మూడవవంతుకు పైగా ముందే మెదడులో సన్నాహం మొదలవుతున్నట్లు కొలిచి చూపినాడు. దాని భావమేమిటన్న వివాదం నేటికీ సాగుతున్నది. 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త, మెదడు చేసే పనులన్నీ వివరించినా, ఆ పనుల వెంట అనుభవమనేది అసలు ఎందుకుండవలెనన్న ప్రశ్న మిగిలే ఉంటుందనీ, కష్టతరమైన ప్రశ్న అదేననీ అన్నాడు. శాస్త్రజ్ఞులు వినయంతో నిలిచిన ఆ గుమ్మం వద్ద, చేయి నొక్కి అంకె చెప్పేవాడు తడబడకుండా లోపలికి పోతున్నాడు. సందేహించవలసినది ఆ తడబాటు లేమినే.

ఇట్టివారు మన ఉపనిషత్తులను కూడా తరచు సాక్ష్యానికి పిలుస్తారు. అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయ కోశాల ప్రస్తావన తైత్తిరీయంలో ఉన్నమాట నిజం. కాని ఆ ఉపనిషత్తులోనే భృగువు కథ కూడా ఉన్నది. బ్రహ్మమును బోధింపుమని భృగువు తండ్రియైన వరుణుని అడుగుతాడు. వరుణుడు జవాబు చేతికి అందించడు, తపించి తెలిసికొమ్మంటాడు. అన్నమే బ్రహ్మమని తెలిసికొని భృగువు తిరిగివస్తాడు. మరల తపించుమంటాడు తండ్రి. ప్రాణమని, మనసని, విజ్ఞానమని, ఒక్కొక్కసారి ఒక్కొక్క జవాబుతో వస్తాడు. వచ్చి, తృప్తిపడక, మరల అడుగుతాడు. ఆనందమని తెలిసిన పిమ్మటనే ఆ రాకపోకలు ఆగుతవి. ఆ తండ్రి కనుబొమ ఎగరవేయలేదు. ఆ కొడుకు ముఖం చదివి జవాబు చెప్పలేదు. దొరికిన జవాబును తానే పరీక్షించి, తానే దాటిపోయినాడు. షెవ్రూల్ తన కళ్లకు తానే గంతలు కట్టించుకొన్నదీ ఈ బుద్ధితోనే.

తెలుగులో ‘ఎరుక’ అనే మాటకు రెండర్థాలున్నవి. తెలివి, చైతన్యం అనేది ఒకటి. చేయి పట్టుకొని, ముఖం పరికించి, జరిగినదీ జరగబోయేదీ పలికే సోదె మరొకటి. రెండింటికీ ఒకే మాట ఉండడం యాదృచ్ఛికమో కాదో గాని, రెండింటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో నేర్చుకొనడమే చదువు. ఆ గీత గీయడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. ప్రతి బడిలోనూ ఒక దారం, ఒక ఉంగరం, కళ్లకు కట్టుకొనేందుకు ఒక చేతిరుమాలు దొరుకుతవి. ఒక ఉపాధ్యాయుడు తరగతిలో ఉంగరం వ్రేలాడదీసి, అది ఊగుతుండగా పిల్లలచేత తన కళ్లకు గంత కట్టించుకొన్ననాడు, ఆ పిల్లలు ఒక్క గంటలో నేర్చే పాఠం వారిని జీవితాంతం కాపాడుతుంది.